జమానతుకు సొమ్మొక్కటే దారి కాదు

జైలులో ఉన్న పేదవాని జమానతుకు సొమ్ము ఇస్తామని ముందుకు వచ్చే దాతలు మనలో ఉన్నారు. జకాత్ అందుకు చెల్లుతుందా అన్నది ఉలమాలను అడగవలసిన మాట. చట్టం వైపు నుంచి తెలుసుకోదగిన రెండు సుప్రీంకోర్టు తీర్పులను మాత్రం ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటిది 1978 నాటి మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌లో తాపీమేస్త్రీ అతను. జమానతు దొరికినా మేజిస్ట్రేటు రూ.10,000కు పూచీ అడిగారు. తోడబుట్టినవాడు పూచీ ఉంటానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ రూ.1,000 సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. తెలుగువాడో తమిళుడో ఎక్కడో బస్తరులో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎలా తేగలడని ఆ తీర్పులోనే అడిగారు. కూలి కోసం దూరదేశాలు పట్టిపోయే మనవారిని తలచుకుంటే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది.

రెండవది 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్ళలో విచారణ లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్నవారి గురించి పత్రికలో వచ్చిన వ్యాసాలు చూసి న్యాయవాది కపిలా హింగోరానీ ఈ పిటిషన్ వేశారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం లోపల గడిపినవారు కూడా వారిలో ఉన్నారు! త్వరగా విచారణ జరగడం 21వ అధికరణం కింద హక్కేనని, పేదవానికి ఉచితంగా వకీలును ఇవ్వాలని కోర్టు తేల్చింది.

మనకు ఎక్కువ పనికివచ్చేది అందులోని మరో మాట. మనిషి పారిపోడని నమ్మడానికి ఆస్తే కొలత కానక్కరలేదని జస్టిస్ భగవతి అన్నారు. ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, కుటుంబం ఎక్కడ, పేరు ఎలాంటిది, అతని గురించి చెప్పగల పెద్దమనుషులెవరు – ఇవి చూసి సొంత బాండు మీద వదలవచ్చునన్నారు. ఈ సంగతులు కోర్టుకంటే మొహల్లాకే బాగా తెలుసు.

తీర్పులు ఉన్నా తాళాలు వాటంతటవే తెరుచుకోలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. జమానతు మంజూరైన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోపు పూచీ ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం పరిశీలించవచ్చు.

కనుక జమానతు సొమ్ము కోసం ఎవరైనా మీ గడప తొక్కితే, ముందు ఉత్తర్వు తేదీ అడగండి. రేషన్ కార్డు, అద్దె రసీదు, పని ఇచ్చినవారి ఉత్తరం సమకూర్చి, తెలిసిన పెద్దవారొకరిని తోడిచ్చి న్యాయసేవాధికార సంస్థకు పంపండి. అప్పటికీ సొమ్మే కావలసివస్తే మా కార్యదర్శికి కబురు చేయండి.