జీరో అనే డిటెక్టివ్

1998లో అమెరికాలో ‘జీరో ఎఫెక్ట్’ అనే సినిమా వచ్చింది. దర్శకుడు జేక్ కాస్డన్‌కు అదే మొదటి సినిమా. మూలం 1891 నాటి ఒక షెర్లాక్ హోమ్స్ కథ.

డారిల్ జీరో గొప్ప డిటెక్టివ్. కానీ మనుషులంటే జంకు! తలుపులేసుకొని ఇంట్లోనే ఉంటాడు. కేసు ఇచ్చేవాళ్లకు కూడా కనపడడు. వాళ్లతో మాట్లాడేదంతా సహాయకుడు ఆర్లోనే, పాపం.

జీరో పద్ధతి వినండి. ఒక్క వస్తువు కోసమే వెతికితే దొరకడం కష్టం, ఏదైనా సరే అని చూస్తే ఏదో ఒకటి దొరుకుతుందంటాడు. చూసేటప్పుడు ఇష్టాయిష్టాలు పక్కన పెట్టాలంటాడు. గ్లోరియా అనే ఆమె దగ్గర అయోడిన్ వాసన పసిగట్టి, అంబులెన్సులో పనిచేస్తుందని చెప్పేస్తాడు. టింక్చర్ వేయించుకున్నవాళ్లకు ఆ వాసన తెలుసు కదా!

చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక ధనవంతుణ్ణి బెదిరించి డబ్బు గుంజుతున్నది ఆమే. జీరోకేమో ఆమె మీద ఇష్టం కలిగింది. పైగా ఆ ధనవంతుడు చేసింది చిన్న పాపం కాదు. జీరో ఆమెను పట్టివ్వలేదు. దేశం దాటి పోనిచ్చాడు.