పాఠం 9: పశువుల సాల చుట్టూ బురద – నీటికి దారి

9.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు –
• సాల ముందు బురద ఎందుకు ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• బురద వల్ల పశువులకు, మనుషులకు వచ్చే జబ్బులను చెప్పగలుగుతారు.
• సాల కప్పు మీద పడే వాననీటిని లెక్క కట్టగలుగుతారు.
• తక్కువ ఖర్చుతో నీటికి దారి చేయగలుగుతారు.

9.2 పరిచయం

మీ ఇంట్లో ఆవు గాని, మేకలు గాని ఉన్నాయా? వానాకాలంలో పాలు పితికి ఇంట్లోకి వచ్చేసరికి మీ కాళ్ళకు ఎంతవరకు బురద అంటుతుంది? మడమ దాకానా, పిక్క దాకానా? "వాన పడితే బురద రాదా!" అని సర్దుకుపోతున్నారా?

అండమాన్ దీవులలోని తెలుగువారిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వచ్చినవారు. శ్రీకాకుళం ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అండమాన్‌లో దాదాపు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడ మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, ఆ తరువాత డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు వానలు తెస్తాయి. అంటే నేల ఆరేందుకు వ్యవధి తక్కువ. అక్కడ సరిపోయిన సాల ఇక్కడ సరిపోదు.

9.3 బురద వల్ల నష్టం

ఎప్పుడూ తడిలో నిలబడితే పశువు గిట్టలు మెత్తబడతాయి. గిట్టల మధ్య చర్మం చిట్లి, కుళ్ళు పడుతుంది. పశువు కుంటుతుంది, మేత తగ్గిస్తుంది. బురదలో పడుకున్న ఆవుకు పొదుగువాపు వచ్చే అవకాశం ఎక్కువ. గుర్రమైనా, ఆవైనా, మేకైనా గిట్టలున్న జంతువులన్నింటికీ ఈ బాధ ఉంది.

మనుషులకు వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. 1988 ప్రాంతం నుండి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వైపు జ్వరంతో పాటు ఊపిరితిత్తులలో రక్తస్రావం అయ్యే జబ్బు కనబడేది. కారణం తెలియక దానిని 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అనేవారు. 1993లో అక్కడ ఆ జబ్బు మళ్ళీ వ్యాపించింది. పోర్టు బ్లెయిర్‌లోని (2024 నుండి శ్రీ విజయపురం) ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి, అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు.

ఈ జబ్బు సూక్ష్మజీవులు ఎలుకల మూత్రంలోను, జబ్బు సోకిన పశువుల మూత్రంలోను ఉంటాయి. తడి నేలలో అవి చాలా రోజులు బతుకుతాయి. కాలి పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా ఒంట్లోకి ప్రవేశిస్తాయి. కాబట్టి సాల ముందు బురదను వట్టి మురికి అనుకోకూడదు.

9.4 ఆ నీరంతా ఎక్కడిది?

ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు వస్తుంది. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల రేకుల కప్పును తీసుకుందాం.

కప్పు వైశాల్యం: 6 × 4 = 24 చదరపు మీటర్లు
50 మి.మీ. వాన పడిన రోజున: 24 × 50 = 1,200 లీటర్లు

అంటే 20 లీటర్ల బకెట్లతో 60 బకెట్లు! ఆ నీరంతా చూరు నుండి సాల వాకిట్లోనే పడుతుంది. అక్కడే పేడ, మూత్రం ఉంటాయి. అక్కడే పశువులు తొక్కుతాయి. నీరు, మట్టి, పేడ, తొక్కుడు – ఈ నాలుగూ కలిస్తే బురద. వానను మనం ఆపలేము. కాని మంచినీరు పేడతో కలవకుండా ఆపగలము. ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి ఇదే.

9.5 చేయవలసిన పనులు

ఈ పనులను ఇదే వరుసలో చేయండి.

1. పైనుండి వచ్చే నీరు: సాలకు ఎగువన, జాన లోతున ఒక కాలువ తవ్వండి. వాలు మీద నుండి పారే నీరు సాల చుట్టూ తిరిగి పోతుంది. దీనికి పార, గునపం చాలు.

2. చూరు నీరు: చూరు కింద రేకు తొట్టి గాని, నిలువునా చీల్చి కణుపులు తీసిన వెదురు బొంగు గాని కట్టండి. ఆ నీటిని డ్రమ్ములోకి మళ్ళిస్తే సాల కడగడానికి పనికివస్తుంది.

3. సాల నేల: బయటి నేల కంటే సుమారు ఒక అడుగు ఎత్తు చేయండి. పశువు వెనుక వైపుకు వాలు ఉండాలి. 3 మీటర్లకు 6 నుండి 9 సెంటీమీటర్ల వాలు చాలు. వాలు చూడడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం ఉపయోగించండి.

4. గుమ్మం ముందు: మెత్తటి బురద మీద నేరుగా రాయి వేస్తే మునిగిపోతుంది. ముందు బురదను గట్టినేల తగిలేదాకా ఎత్తివేయండి. తరువాత పెద్ద రాళ్ళు, వాటిపై చిన్న కంకర, పైన గ్రావెలు వేసి దిమ్మిసతో కొట్టండి.

5. మురికి నీరు: మూత్రం, కడిగిన నీరు వేరే కాలువలో అరటి, కొబ్బరి మొక్కలకు పోవాలి. బావి వైపు, వాగు వైపు, పొరుగువారి వాకిట్లోకి పోకూడదు.

6. పేడ: రోజూ ఎత్తి, కప్పు కింద ఉన్న పెంటకుప్పలో వేయండి. మేత, దాణా మూతపెట్టి ఉంచితే ఎలుకలు చేరవు.

9.6 చేయకూడని పనులు

• బురద మీద మట్టి పోయకండి. అది నీరు పీల్చి, మరింత బురద అవుతుంది.
• తీరం నుండి పగడపు రాయి తేకండి. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాబితాలో చేర్చారు.
• వట్టి కాళ్ళతో సాలలోకి వెళ్ళకండి. బూట్లు వేసుకోండి. గాయాలకు కట్టు కట్టుకోండి.

గమనిక: జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. సాలలో పని చేస్తానని డాక్టరుకు తప్పక చెప్పండి. మొదట్లోనే గుర్తిస్తే మందులతో నయమవుతుంది.

9.7 సారాంశం

బురద వానతో పాటు వచ్చేదే అయినా, నిలిచేది నీటికి దారి లేకపోవడం వల్ల. వాననీటికి ఒక దారి, మురికి నీటికి ఒక దారి చేయాలి. ఈ పని ఏప్రిల్ లోపే పూర్తి చేయాలి.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల కప్పు మీద 40 మి.మీ. వాన పడితే ఎన్ని లీటర్ల నీరు వస్తుంది?
2. లెప్టోస్పైరోసిస్ సూక్ష్మజీవులు ఒంట్లోకి ఎలా ప్రవేశిస్తాయి?
3. బురద మీద మట్టి పోస్తే ఏమవుతుంది?
4. చేసి చూడండి: వాన పడుతున్నప్పుడు మీ సాల చుట్టూ ఒకసారి తిరగండి. నీరు ఎటునుండి వస్తున్నదో, ఎక్కడ ఆగుతున్నదో కాగితం మీద బాణం గుర్తులతో గీయండి. మొదటి కాలువ ఎక్కడ తవ్వాలో ఆ బొమ్మే చెబుతుంది.

జవాబులు: 1. 600 లీటర్లు. 2. కాలి పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా. 3. మట్టి నీరు పీల్చి, మరింత బురద అవుతుంది.