పూత మీది బేరం

ఉద్దేశం

వృత్తి క్రీడలలో ఆటగాళ్లకు లభించే భారీ ప్రతిఫలాలను గురించి తరచుగా వింటూ ఉంటాం. అంత ధనం ఎక్కడి నుండి వస్తుంది, ఎందుకు ఇస్తారు, అందులోని లాభనష్టాలు ఎవరివి అనే విషయాలను అమెరికా బాస్కెట్‌బాల్ రంగం ఆధారంగా తెలియజేయడం, ఒప్పందానికీ కాలానికీ ఉన్న సంబంధాన్ని గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మామిడితోటను గుత్తకు తీసుకొనే వర్తకుడు కాయ పక్వానికి వచ్చేదాకా ఆగడు. చెట్లు పూత మీద ఉండగానే తోటంతా తిరిగి చూస్తాడు. నిరుటి కాపు ఎంతో విచారిస్తాడు. రైతుతో ధర మాట్లాడుకొంటాడు. ఆ తరువాత గాలివానకు పూత రాలినా, కొమ్మలు వంగేటట్లు కాయ దిగినా మాట్లాడుకొన్న ధర మారదు. రైతుకు నిశ్చింత దొరుకుతుంది. వర్తకునికి ఆశ, దానితోపాటు భయమూ మిగులుతాయి. అమెరికాలో వృత్తి బాస్కెట్‌బాల్ క్రీడాకారులకూ జట్లకూ నడుమ జరిగే ఒప్పందాల పొడిగింపు కూడ ఇటువంటిదే. అయితే అక్కడ బేరానికి వచ్చేది తోట కాదు, మనిషి దేహబలం.

ఎన్.బి.ఎ. అని అందరూ పిలిచే జాతీయ బాస్కెట్‌బాల్ సంఘంలో ఆటగాడు ఒక జట్టుతో కొన్ని సంవత్సరాలకు ఒప్పందం చేసుకొంటాడు. గడువు తీరిన తరువాత మరొక జట్టుకు వెళ్లవచ్చు. ప్రతిభావంతుడు అలా చేజారిపోకుండా, గడువు తీరక ముందే జట్టు అతనితో మరికొన్ని సంవత్సరాలకు కొత్త షరతులు కుదుర్చుకొంటుంది. దీనినే పొడిగింపు అంటారు. ఇది నిన్న ఆడిన ఆటకు బహుమానం కాదు. రేపు ఆడబోయే ఆటకు వెల. ఈ తేడాను గ్రహిస్తే తక్కిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

ఆటగాళ్లకు బేరమాడే స్వేచ్ఛ తేలికగా రాలేదు. ఒకప్పుడు ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత జట్టుకే కట్టుబడి ఉండవలసి వచ్చేది. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడైన ఆస్కార్ రాబర్ట్‌సన్ దీనిని సవాలు చేస్తూ 1970లో న్యాయస్థానానికి వెళ్లాడు. 1976లో రాజీ కుదిరిన తరువాతనే ఆటగాళ్లకు జట్టు మారే మార్గం తెరుచుకొంది. స్వేచ్ఛతోపాటు జీతాలు పెరిగాయి. అందుచేత 1984-85లో ఒక్కొక్క జట్టు చెల్లించే జీతాల మొత్తానికి 36 లక్షల డాలర్ల పరిమితి విధించారు. అయితే తన ఆటగాణ్ణి నిలుపుకొనడానికి జట్టు ఆ పరిమితిని దాటవచ్చునని ఒక వెసులుబాటు ఇచ్చారు. బోస్టన్ జట్టుకు చెందిన సుప్రసిద్ధ ఆటగాడు లారీ బర్డ్ పేరుతో దానిని బర్డ్ మినహాయింపు అని పిలుస్తారు.

1997లో జరిగిన ఒక పొడిగింపు ఈ క్రీడారంగాన్నే కుదిపివేసింది. మినెసోటా జట్టు 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌తో ఆరు సంవత్సరాలకు 12 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకొంది. కొన్నేళ్ల క్రితం యజమాని ఆ జట్టును మొత్తంగా కొన్న ధర కంటె ఈ ఒక్క ఆటగాడికి ఇవ్వజూపిన సొమ్ము ఎక్కువ! తక్కిన యజమానులు కలవరపడ్డారు. మరుసటి సంవత్సరం ఆటగాళ్లతో చర్చలు విఫలం కాగా యజమానులు ఆటను నిలిపివేశారు. 82 ఆటలు జరుగవలసిన 1998-99 క్రీడాకాలం 50 ఆటలకు కుదించుకొనిపోయింది. చివరకు ఏ ఒక్క ఆటగాడికైనా ఇంతకు మించి ఇవ్వరాదని గరిష్ఠ జీతాన్ని నిర్ణయించారు. అనుభవాన్ని బట్టి అది జట్టు పరిమితిలో 25, 30 లేదా 35 శాతంగా లెక్కకు వస్తుంది.

గరిష్ఠం ఉన్నప్పుడు జీతాలు ఇంకా ఎలా పెరుగుతున్నాయి? జీతాల పరిమితి సంఘపు ఆదాయంతోపాటు పెరుగుతుంది. ఆదాయంలో ఇంచుమించు సగం ఆటగాళ్లకు చెందుతుంది. ఆ ఆదాయానికి టెలివిజన్ ప్రసార హక్కులు ప్రధానమైన ఆధారం. 2014లో తొమ్మిదేళ్లకు కుదిరిన ప్రసార ఒప్పందం విలువ సుమారు 2,400 కోట్ల డాలర్లు. 2024లో పదకొండేళ్లకు కుదిరినది సుమారు 7,600 కోట్ల డాలర్లు. 1984-85లో 36 లక్షలుగా ఉన్న పరిమితి 2025-26 నాటికి 15 కోట్ల 46 లక్షల డాలర్లు దాటింది. ఏరు నిండితే కాలువ నిండినట్లు ఆటగాళ్ల ఒప్పందాలూ పెరిగాయి. 2017లో స్టీఫెన్ కర్రీ ఒప్పందం మొదటిసారిగా 20 కోట్ల డాలర్లను దాటింది. 2023లో జేలెన్ బ్రౌన్ పొడిగింపు కుదిరినప్పుడు అది 30 కోట్లను దాటవచ్చునని అంచనా వేశారు. 2025లో షే గిల్జస్ అలెగ్జాండర్ నాలుగేళ్లకు 28 కోట్ల 50 లక్షల డాలర్లకు అంగీకరించినప్పుడు, సంవత్సరానికి సగటు 7 కోట్లకు పైబడింది.

ఇంత ఇచ్చినప్పటికీ జట్టు కొనేది చూడని కాలాన్నే. కర్రీ జీవితమే దీనికి నిదర్శనం. 2012లో అతని చీలమండకు తరచుగా గాయాలవుతూ ఉండేవి. ఎంతకాలం ఆడగలడో అనే సందేహం పలువురిలో ఉండేది. గోల్డెన్ స్టేట్ జట్టు నాలుగేళ్లకు 4 కోట్ల 40 లక్షల డాలర్లు ఇస్తామన్నది. గాయాల భయంతో ఉన్న యువకునికి అది నిశ్చింత, అతడు అంగీకరించాడు. తరువాత చీలమండ నిలబడింది. 2015, 2016 సంవత్సరాలలో అతడు అత్యుత్తమ ఆటగాడుగా ఎంపికైనాడు. అయినా ఆ ఒప్పందం ముగిసేదాకా అతని జీతం కొందరు సహచరుల జీతం కంటె తక్కువే. ఇక్కడ లాభం జట్టుది.

జాన్ వాల్ విషయంలో గాలి ఎదురు వీచింది. 2017లో వాషింగ్టన్ జట్టు అతని ఒప్పందాన్ని నాలుగేళ్లకు, సుమారు 17 కోట్ల డాలర్లకు పొడిగించింది. అది అమలులోకి రావలసినది 2019-20లో. 2019 ఆరంభంలోనే అతని మడమకు శస్త్రచికిత్స జరిగింది. కొద్ది రోజులకే ఇంట్లో జారిపడగా మడమ వెనుకనున్న స్నాయువు తెగిపోయింది. కొత్త ఒప్పందపు మొదటి సంవత్సరంలో అతడు ఒక్క ఆట కూడ ఆడలేకపోయినాడు. జట్టు మాత్రం వ్రాసి ఇచ్చిన ప్రకారం జీతం చెల్లించవలసి వచ్చింది. వాల్‌ది తప్పు కాదు, జట్టుదీ తప్పు కాదు. పూత రాలినంత మాత్రాన గుత్త రద్దు కాదు. ఆటగాడి దృష్టితో చూస్తే, పొడిగింపు కోరడంలోని వివేకం ఇక్కడే తెలుస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత క్రీడాజీవితానికి వర్తించినంతగా మరి దేనికీ వర్తించదేమో!

అయితే ఒకరు ఎక్కువ తీసుకొంటే ఆ భారం ఎవరి మీద పడుతుంది? జీతాల మొత్తానికి హద్దులున్నాయి గనుక ఒకరి వాటా పెరిగితే సహచరులకు మిగిలేది తగ్గుతుంది. 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం జీతాలు ఒక ఉన్నతమైన హద్దును దాటితే, కొత్త ఆటగాళ్లను తెచ్చుకొనే దారులు చాలావరకు మూసుకొనిపోతాయి. 2024లో విజేతగా నిలిచిన బోస్టన్ జట్టు, ఈ భారం తగ్గించుకొనడానికి 2025లో ఆ విజయంలో పాలుపంచుకొన్న జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌లను ఇతర జట్లకు పంపివేసింది.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని జేలెన్ బ్రన్సన్ ఎంచుకొన్నాడు. 2024లో న్యూయార్క్ నిక్స్ జట్టుతో నాలుగేళ్లకు 15 కోట్ల 65 లక్షల డాలర్ల పొడిగింపుకు సమ్మతించాడు. ఇంకొక్క సంవత్సరం వేచి ఉంటే ఐదేళ్లకు సుమారు 26 కోట్ల 90 లక్షల డాలర్లకు అర్హుడయ్యేవాడు. దానివలన జట్టుకు ఇతర ఆటగాళ్లను సమకూర్చుకొనే వెసులుబాటు కలిగింది. 2025లో ఆ జట్టు 25 సంవత్సరాల తరువాత తూర్పు విభాగపు తుదిపోరుకు చేరింది. దీనిని కేవలం త్యాగమని చెప్పడం సరికాదు. ఏడాదిలో గాయమైతే ఆ పెద్ద మొత్తం దక్కకపోవచ్చు. చేతికందిన నిశ్చింతనూ, జట్టు మేలునూ అతడు ఒకే సంతకంతో పొందినాడు.

కోట్ల లెక్కలు విన్నప్పుడు కొందరు అసూయపడతారు, కొందరు ఈసడిస్తారు. ఆ రెండూ లేకుండా చూస్తే, అక్కడ కనిపించేది భవిష్యత్తు తెలియని ఇద్దరు మనుషులు కాగితం మీద పెట్టుకొన్న నమ్మకం. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో మీరూ ఒకనాడు ఇటువంటి కాగితం మీద సంతకం చేస్తారు. ఆనాడు అంకెను మాత్రమే చూడక, పూత రాలితే నష్టం ఎవరిదో, కాయ విరగకాస్తే లాభం ఎవరిదో చదివి తెలుసుకొని సంతకం చేయండి.

కఠిన పదాలకు అర్థాలు

గుత్త = ముందుగా ధర నిర్ణయించి ఫలసాయాన్ని తీసుకొనే ఒప్పందం
నిరుడు = గడచిన సంవత్సరం
వెసులుబాటు = సౌకర్యం, సడలింపు
స్నాయువు = కండరాన్ని ఎముకకు కలిపే నరం వంటి భాగం
ఈసడించు = తిరస్కారంతో మాట్లాడు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఒప్పందపు పొడిగింపును రచయిత మామిడితోట గుత్తతో ఎట్లు పోల్చాడో వివరించండి.
2. కర్రీ, వాల్, బ్రన్సన్‌ల ఒప్పందాలలోని లాభనష్టాలను చర్చించండి.

II. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. రేపు ఆడబోయే ఆటకు వెల.
2. పూత రాలినంత మాత్రాన గుత్త రద్దు కాదు.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. బర్డ్ మినహాయింపు అనగా నేమి?
2. 1998-99 క్రీడాకాలంలో ఎన్ని ఆటలు జరిగాయి?

IV. వ్యాకరణం
1. అత్యుత్తమ: అతి + ఉత్తమ (యణాదేశ సంధి)
2. లాభనష్టాలు: లాభమును నష్టమును (ద్వంద్వ సమాసం)
3. దేహబలం: దేహము యొక్క బలం (షష్ఠీ తత్పురుష సమాసం)