పాత ట్రాక్టరు ఇంజను దెబ్బతిన్నప్పుడు రైతు స్వయముగా చేసికొనదగిన పరీక్షలు, మరమ్మతులు

దమ్ము చేయుచున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆవిరి కక్కి, బలము తగ్గి, మడిలో నిలిచిపోయినదనుకొందము. ఒకవైపు నారు ముదురుచుండును. కాలువ నీరు వంతు ప్రకారము వచ్చి పోవుచుండును. పట్టణము నుండి వచ్చిన మెకానిక్కు ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, "మొత్తము దించవలసినదే" అనును. ఆ మాట నిజమో కాదో తేల్చుకొను తెలివిడి యజమానికి లేనియెడల రెండే దారులు మిగులును: అడిగినంత ఇచ్చుట, లేదా బండిని పాత ఇనుము ధరకు వదలుకొనుట. నిజమునకు అట్టి ఇంజనులలో కొన్ని ఒక్క గాస్కెట్టు మార్పుతో లేచి తిరుగును. మరికొన్ని విప్పుటకు కూడ తగనివి. ఏది ఏదో తెలిసికొను విధానమే ఈ వ్యాసములోని విషయము.

ఇందు చెప్పినవి రెండు లేక మూడు సిలిండర్లు గల పాత డీజిలు ట్రాక్టర్లకు వర్తించును. 1960 దశకము నుండి మద్రాసులో తయారైన మాసీ ఫెర్గూసన్ నమూనాలు, 1971లో పింజోరులో తయారీ ఆరంభమై 2016లో మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన హెచ్.ఎం.టి. కర్మాగారపు బండ్లు ఇట్టివే. వీటికి కంప్యూటరు పెట్టెలు, సెన్సార్లు లేవు. ఓపిక, శుభ్రత, కొన్ని పానాలు ఉన్న రైతుకు ఇవి లొంగును. సహకార సంఘముల ట్రాక్టర్లను పర్యవేక్షించు ఉద్యోగులు కూడ ఈ పరీక్షలను తెలిసికొనియుండుట మంచిది. మరమ్మతు బిల్లుపై సంతకము చేయవలసినది వారే గదా!

మొట్టమొదటి పని పొలములోనే జరుగవలెను. ఇంజను వేడెక్కి నీరు మరుగుచున్నదని తెలియగానే లోడు తీసివేయవలెను. నీరు ఇంకను ఉన్నయెడల రెండు మూడు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపవచ్చును. నీరు పూర్తిగా పోయినను, ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోయినను, లోపల కొట్టుకొను శబ్దము వచ్చినను తక్షణమే ఆపవలెను. వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. మరుగునీరు చిమ్మి ముఖము కాలును. కాలుచున్న ఇంజనుపై కాలువ నీళ్లు కుమ్మరించుట మరియొక పెద్ద తప్పు. పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడి హెడ్డు పగులవచ్చును.

ఒక రైతు ఇట్టి సమయములో "ఇంకొక అరయెకరమే గదా" అని రెండు మారులు నీరు పోసి మడి పూర్తిచేసెను. మొదట పోయినది హెడ్డు గాస్కెట్టు మాత్రమే. అరయెకరము ముగియునప్పటికి నీరు ఆయిలులో కలిసి, బేరింగులు అరిగి, క్రాంకుషాఫ్టుకు చారలు పడినవి. ఆ యేడు అతని పొలము దమ్ము బాడుగ ట్రాక్టరుతోనే ముగిసినది.

ఇంజను పూర్తిగా చల్లారిన పిదప పరీక్షలు మొదలుపెట్టవలెను. తొందరపడి సెల్ఫు కొట్టరాదు. సిలిండరులోనికి నీరు చేరియున్నయెడల ఆ నీరు అణగదు. పిస్టను దానిని గుద్దుకొని కనెక్టింగు రాడ్డు వంగిపోవును. కావున ముందుగా ఇంజెక్టర్లను ఊడదీసి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి చూడవలెను. రంధ్రము నుండి నీరు చిమ్మినచో ఆ సిలిండరు దగ్గరనే తప్పు ఉన్నది. అసలు తిరుగనేలేదనిన, పిస్టను లైనరునకు పట్టుకొని యుండవచ్చును, లేక బేరింగు బిగిసి యుండవచ్చును. పొడవాటి గొట్టము తగిలించి బలవంతముగా త్రిప్పరాదు.

తరువాత ఆయిలు కొలుచు పుల్లను తీసి చూడుడు. ఆయిలు మజ్జిగ రంగులో చిక్కగా నున్నయెడల నీరు కలిసినదని అర్థము. సందేహముగా నున్నప్పుడు కాలిన పెనముపై ఒక చుక్క వేయవలెను. నీరు ఉన్నయెడల అది చిటపటలాడును. బండిని రాత్రంతా కదలక ఉంచి, ఉదయము ఛాంబరు అడుగు బోల్టును మెల్లగా వదులు చేసినచో, ఆయిలు కంటె బరువైన నీరు ముందుగా కారును. అట్లుగాక ఆయిలు మట్టము పెరిగి, పలుచనై, డీజిలు వాసన కొట్టుచున్నచో అది వేరు జబ్బు. డీజిలు అందించు చిన్న పంపులోని పొర చినిగియుండును, లేదా ఇంజెక్టరు కారుచుండును. దీనికి హెడ్డు దించనక్కరలేదు. ఈ రెంటికిని తేడా తెలియక హెడ్డు విప్పించుకొన్న వారు కలరు.

ఇంజను చేతితో సులభముగా తిరుగుచు, ఆయిలులో నీరు లేనప్పుడే దానిని స్టార్టు చేసి తక్కిన పరీక్షలు చేయవలెను. చల్లని ఇంజను రేడియేటరు మూత తీసి, నిండుగ నీరు పోసి, స్టార్టు చేసిన వెంటనే పైనుండి చూడుడు. బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో మండిన వాయువు నీటి దారిలోనికి చొరబడుచున్నది: గాస్కెట్టు పోయినది, లేదా హెడ్డు పగిలినది. ఆయిలులో నీరున్నను రేడియేటరులో బుడగలు కనబడని బండ్లలో అనుమానము మరియొక చోటికి పోవలెను. నీరు నేరుగా తాకు లైనర్లు గల ఇంజనులలో లైనరు అడుగున రబ్బరు వలయములుండును. అవి ఎండి బిరుసెక్కినప్పుడు నీరు క్రిందికి దిగును. ఛాంబరు దించి, రేడియేటరు నింపి, క్రింది నుండి లైటు వేసి చూచినచో చుక్కలు పడుచోటు కనబడును. కొన్ని ట్రాక్టర్లలో ఛాంబరు కూడ బండి భారమును మోయును. కావున ముందు భాగమునకును, గేరుపెట్టెకును గట్టి దిమ్మలు పెట్టక దానిని ఊడదీయరాదు. ఒక్క జాకీని నమ్మి బండి క్రింద దూరుట ప్రాణముతో చెలగాటము.

పొగ కూడ కొంత చెప్పును. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ వచ్చుచు, రేడియేటరు నీరు తగ్గుచున్నచో నీరు సిలిండరులో ఆవిరియగుచున్నది. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. నల్లపొగకు గాలి చాలకపోవుట, డీజిలు ఎక్కువగుట కారణములు. ముందు ఎయిర్‌క్లీనరును శుభ్రము చేసి చూడవలెను. గాలి గొట్టము నుండి పొగ ఆవిరివలె ఉధృతముగా వెడలుచున్నయెడల రింగులు అరిగినవని తలంపవచ్చును.

కొట్టుకొను శబ్దమును గుర్తించుట కష్టమైనను అసాధ్యము కాదు. చల్లగా నున్నప్పుడు టకటక వినబడి, వేడెక్కిన కొలది తగ్గునది పిస్టను వదులు. లోతుగా దిమ్ము దిమ్ము మని, లోడు పడినప్పుడు హెచ్చునది మెయిన్ బేరింగు. వేగము పెంచి ఒక్కసారి తగ్గించినప్పుడు గట్టిగా వినిపించునది కనెక్టింగు రాడ్డు బేరింగు. ఏ సిలిండరో తెలియుటకు ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఒక్కొక్క ఇంజెక్టరు గొట్టపు నట్టును కొద్దిగా వదులుచేసి ఆ సిలిండరు మండకుండ చేయవలెను. ఏది వదులుచేసినప్పుడు శబ్దము తగ్గునో అచ్చటనే దోషము. ఈ పరీక్షను కొద్ది క్షణములకు మించి సాగనీయరాదు. ఆయిలు ప్రెషరు లేని ఇంజనుకు ఇది అసలే పనికిరాదు. నట్టుపై గుడ్డ కప్పి, చేయి దూరముగా ఉంచవలెను. ఇంజెక్టరు నుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరును. గాయము చీమ కుట్టినంతగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇప్పుడు లెక్క వేసికొనవలెను. గాస్కెట్టు, వాల్వులు, రింగులు: ఇవి ఇంటి వద్ద చేసికొనదగినవి. లైనర్లను లాగి బిగించుట, క్రాంకుషాఫ్టు సానపట్టుట, హెడ్డు సమము చేయుట లేతు షాపు పని. ఇంజెక్టరు పంపును ఇంటి వద్ద విప్పనే రాదు. బ్లాకు పగిలి, క్రాంకుషాఫ్టు కూడ చెడిన బండిపై డబ్బు పెట్టుటకంటె మంచి పాత ఇంజనును వెదకుట లాభము. బయటకు పోయిన రాడ్డు బ్లాకులో కన్నము చేసినచో ఈ మాట మరింత నిజము.

హెడ్డు దించుటకు ముందు నీరు, ఆయిలు తీసివేసి, ఇంజను పైభాగమును డీజిలుతో కడిగి ఆరబెట్టవలెను. బోల్టులను అంచుల నుండి మధ్యకు కొంచెము కొంచెముగా వదులుచేయవలెను. పుష్‌రాడ్లను వరుస తప్పక ఒక అట్టకు కన్నములు పొడిచి అందు గ్రుచ్చి ఉంచుడు. అవి ఎక్కడివి అక్కడికే పోవలెను. పాత గాస్కెట్టును పారవేయక జాగ్రత్తగా చూడుడు. రెండు సిలిండర్ల నడుమ నల్లగా కాలిన చార ఉన్నచో అదే దారి. ఏదేని పిస్టను తల తక్కినవాటివలె మసిబారక కడిగినట్లు మెరయుచున్నచో ఆ సిలిండరులోనికి నీరు పోవుచుండెనని గ్రహింపవలెను.

గాస్కెట్టు ఎందుకు పోయినదని అడుగక క్రొత్తది వేసినవారు మరల విప్పుకొందురు. హెడ్డు ముఖమును గీరి శుభ్రముచేసి, సూటియైన ఉక్కుబద్దను పొడవునను, అడ్డముగను, మూలమూలలకును పెట్టి, క్రింద ఫీలరు గేజి దూర్చి చూడవలెను. సామాన్యముగా 0.10 మి.మీ. కంటె మందమైన రేకు దూరినచో హెడ్డు వంగినట్లే. దానిని సమము చేయించవలెను, కాని ఎంతవరకు కోయవచ్చునో ఆ బండి పుస్తకములో చూచిన తరువాతనే. ఎక్కువ కోసినచో వాల్వులు పిస్టనుకు తగులును. పగుళ్లకు పాతకాలపు పరీక్ష ఒకటి గలదు. అనుమానమున్న చోట కిరోసిను పూసి, కొంతసేపు ఆగి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లవలెను. పగులు ఉన్నయెడల లోపలి కిరోసిను పొడిని తడిపి గీతగా బయటపడును. వాల్వుల నడుమ సన్నని వంతెన వంటి చోటును ముఖ్యముగా చూడుడు.

లైనరు అరుగుదలను కొలుచుటకు ఖరీదైన గేజి లేకపోయినను ఉపాయము గలదు. ఒక పిస్టను రింగును లైనరు అడుగుభాగమున, అనగా రింగులు తిరుగని చోట, సమముగా కూర్చుండబెట్టి దాని మూతి సందును ఫీలరు గేజితో కొలువుడు. పిమ్మట అదే రింగును పైభాగమున, అరుగుదల ఎక్కువగానున్న చోట పెట్టి కొలువుడు. రెంటి తేడాను 3.14 చేత భాగించినచో వ్యాసములో అరుగుదల వచ్చును. క్రింద 0.40, పైన 1.03 మి.మీ. ఉన్నదనుకొందము. తేడా 0.63, భాగించగా 0.20 మి.మీ. ఇంత అరిగిన లైనరులో క్రొత్త రింగులు మాత్రమే వేసినచో అవి ఎంతోకాలము నిలువవు. లైనరును, పిస్టనును కూడ మార్చవలెను. పిస్టనును పైకి తీయునప్పుడు లైనరు అంచున మిగిలిన గట్టును ముందుగా తొలగింపనియెడల రింగులు విరుగును.

బేరింగులను తీసినప్పుడు పైనున్న బూడిదరంగు పూత పోయి రాగి రంగు కనబడినచో అవి పనికిరావు. క్రాంకుషాఫ్టుపై గోరు గీచి చూడుడు. గోరు తట్టుకొనునంత చార ఉన్నచో సానపట్టించవలసినదే. సానపట్టిన తరువాత 0.25, 0.50, 0.75 మి.మీ. మందము హెచ్చిన బేరింగులు దొరకును. వదులైన బేరింగును బిగించుటకు మూతను ఆకురాయితో అరగదీయు పద్ధతి కొన్ని పల్లెలలో ఇంకను ఉన్నది. అది గుండ్రని రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారముగా మార్చును. అట్టి మరమ్మతు పంట చివర వరకు కూడ ఆగదు. రాడ్డుకును మూతకును ఉన్న అంకెలు ఒకేవైపు కలియునట్లు బిగించవలెను.

తిరిగి అమర్చునప్పుడు బోల్టు రంధ్రములలో ఆయిలు, నీరు నిలువలేదని చూచుకొనుడు. నిలిచినచో బోల్టు బిగించగానే బ్లాకు చీలవచ్చును. హెడ్డు బోల్టులను మధ్య నుండి అంచులకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో పుస్తకములోని లెక్క ప్రకారము బిగించవలెను. రెంచి లేనిచో బాడుగకైనను తెచ్చుకొనుడు. చేతి అంచనా ఈ పనికి చాలదు. రింగుల మూతులు ఒకే వరుసలోనికి రాకుండ చుట్టూ సమదూరముగా త్రిప్పి ఉంచవలెను. టాపెట్లు సరిచేసి, డీజిలు దారిలోని గాలి తీసి, ఇంజెక్టరు పంపు డీజిలు ఆపియుంచి సెల్ఫుతో కొద్దిసేపు త్రిప్పి, ఆయిలు ప్రెషరు ముల్లు లేచిన పిదపనే స్టార్టు చేయవలెను.

వేడెక్కుటకు మూలకారణమును విడువరాదు. రేడియేటరు రెక్కలలో ఊక, దుమ్ము చేరుట, ఫ్యాను బెల్టు వదులగుట, నీటి పంపు కారుట వీటిలో ముఖ్యమైనవి. బోరునీరు పోయుచుండుటచే లోపల సున్నపు పెచ్చు కట్టును. వాననీరుగాని డిస్టిల్డు నీరుగాని కూలెంటుతో కలిపి పోయుడు. థర్మోస్టాటును తీసి పారవేయుట మరమ్మతు కాదు. కొన్ని ఇంజనులలో అది లేనిచో నీరు రేడియేటరును చుట్టక అడ్డదారిన తిరిగి, ఇంజను మరింత వేడెక్కును.

మొదటి 50 గంటలు తేలిక పనులకే వాడుడు. దమ్మునకు, బరువైన ట్రాలీకి వద్దు. అట్లని లోడు లేక ఊరక తిరుగనిచ్చినను రింగులు కూర్చుండవు. ఈ గడువు ముగియగానే ఆయిలును, ఫిల్టరును మార్చవలెను. గాస్కెట్టు తయారీదారు కోరినచో హెడ్డు బోల్టులను మరల సరిచూడవలెను. తీసిన పాత ఆయిలును బోదెలలో పోయక డబ్బాలో నిలువచేసి కొనువారికి ఇయ్యవలెను. మార్చిన తేదీ, గంటల మీటరు అంకె, వేసిన బేరింగుల కొలత ఒక పుస్తకములో వ్రాసి టూలు పెట్టెలో ఉంచుడు. మరల విప్పవలసివచ్చినప్పుడు మొదట అడుగబడునవి అవే.