రాతి మీది పేరుకు ఊరేది?

పాఠశాల స్మారక శిలపై ఉన్న అమర సైనికుల వివరాలు సేకరించే విధానం



మీ ఊరి పాఠశాల ఆవరణలో గాని, పంచాయతీ కార్యాలయం ముందు గాని అమరవీరుల పేర్లు చెక్కిన శిలాఫలకం ఉన్నదేమో ఒకసారి చూడండి. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 'మేరీ మాటీ మేరా దేశ్' అనే కార్యక్రమం చేపట్టి, దేశం కోసం ప్రాణాలిచ్చిన స్థానికుల స్మృత్యర్థం ఊరూరా ఇలాంటి ఫలకాలు పెట్టించింది. దేశం మొత్తం మీద వీటి సంఖ్య రెండు లక్షలు దాటింది. ఆగస్టు 15న జెండా ఎగురవేసి, ఆ రాతికి ఒక దండ వేసి, పిల్లలకు మిఠాయి పంచి ఇళ్ళకు వెళ్తాం. ఆ పిల్లల్లో ఒకరు, "సార్, ఈయన ఎవరి తాలూకు? ఎక్కడ చనిపోయాడు?" అని అడిగితే మనలో ఎంతమందిమి జవాబు చెప్పగలం?

ఆ జవాబు సంపాదించడం ఎలాగో ఈ వారం నేర్చుకుందాం.

1. అంకె మిగిలింది, పేరు పోయింది

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) మన దేశం నుండి సుమారు 13 లక్షల మంది పనిచేశారు. వారిలో 74 వేల మంది వరకు తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక అప్పటి ప్రభుత్వం అనేక గ్రామాల్లో పాలరాతి ఫలకాలు పెట్టించింది. ఈ గ్రామం నుండి ఇంతమంది యుద్ధానికి వెళ్ళారు, ఇంతమంది చనిపోయారు అని వాటిపై ఉంటుంది. అంకెలు తప్ప ఒక్కరి పేరు కూడా ఉండదు. ఊరిలో అందరికీ తెలిసినవారే కదా అని అప్పుడు అనుకొని ఉండవచ్చు. నూరేళ్ళు గడిచాక తెలిసినవారు పోయారు, అంకె మాత్రం మిగిలింది.

ఇది గ్రామాలకే పరిమితం కాలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం గోడలపై బ్రిటిష్ సైనికుల పేర్లన్నీ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కి, సామాన్య సిపాయిలను పటాలాల వారీగా సంఖ్యలతో సరిపెట్టారు. యుద్ధ సమాధులను చూసే కామన్వెల్త్ సంస్థ 1917లో ఏర్పడినప్పుడు, హోదా, జాతి, మతం అనే తేడా లేకుండా చనిపోయిన ప్రతివారినీ సమానంగా స్మరించాలని నియమం పెట్టుకున్నది. ఆ నియమం ఆసియా, ఆఫ్రికా ఖండాల వారి విషయంలో అమలు కాలేదని 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థే తన నివేదికలో ఒప్పుకున్నది. 45 వేల నుండి 54 వేల మందిని సమానంగా స్మరించలేదనీ, మరి కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదనీ, కొందరిని అసలే స్మరించలేదనీ ఆ నివేదిక చెబుతున్నది.

కాబట్టి మీ పాఠశాల రాతి మీద పేరంటూ ఉంటే అది చిన్న విషయం కాదు. ఆ పేరు కూడా కొంతకాలానికి ఒట్టి అక్షరాలుగా మిగిలిపోకుండా చూడడం మన పని.

2. నది ఒకటే, ప్రభుత్వాలు రెండు

ఖమ్మం, భద్రాచలం అడవి ప్రాంతంలో వెతికేవారికి మొదట ఎదురయ్యే చిక్కు జిల్లా పేరు. గోదావరికి ఇవతల ఉన్న బూర్గంపాడు, పాల్వంచ ప్రాంతాలు నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో ఉండేవి. అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉండేది. 1874లో దానిని మధ్య పరగణాల నుండి తీసి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. 1925లో ఆ జిల్లా రెండుగా చీలినప్పుడు భద్రాచలం తూర్పు గోదావరికి వచ్చింది. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో ఖమ్మంలో కలిశాయి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది.

దీని అర్థం ఏమిటో గమనించండి. కూనవరం దగ్గరి ఒక సిపాయి 1917లో చనిపోతే రికార్డులో 'గోదావరి' అని ఉంటుంది. 1944లో అయితే 'తూర్పు గోదావరి'. అదే ఊరివాడు 1971లో చనిపోతే 'ఖమ్మం'. అతని మనుమడు నేడు ఆంధ్రప్రదేశ్ నివాసి. ఖమ్మం పేరుతో మాత్రమే వెతికేవారికి మొదటి ఇద్దరూ దొరకరు. మనిషి చనిపోయిన సంవత్సరంలో ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నదో ముందుగా తేల్చుకోవాలి.

ఏ సైన్యంలో చేరాడన్నది కూడా చూడాలి. బ్రిటిష్ జిల్లాల నుండి వెళ్ళినవారిలో చాలామంది మద్రాసు శాపర్లు, పయనీర్ల వంటి దళాల్లో చేరేవారు. నిజాంకు సొంత సైన్యం ఉండేది. ఢిల్లీలో 1922లో నెలకొల్పిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాదు ఆశ్విక దళాలకు గుర్తు. ఒక ఒడ్డువారి కాగితాలు ఒకచోట, రెండో ఒడ్డువారివి మరొకచోట ఉండడంలో ఆశ్చర్యం లేదు.

3. మనిషి ఒకడు, పేర్లు ఎన్నో

మన పేర్లు ఇంగ్లీషులో రాసుకున్న గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఒకరికి ఇంటిపేరు ముందు పెట్టాడు, మరొకరికి చివర పెట్టాడు, చాలామందికి పూర్తిగా వదిలేశాడు. కోయవారి ఇంటిపేర్లయిన సోడె, మడివి, కుంజా, కారం, పూనెం వంటివి వ్యక్తి పేర్లుగా నమోదయ్యే అవకాశం ఉంది.

మన క్రైస్తవ కుటుంబాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. రాయప్ప అంటే పీటర్, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే జేవియర్ అని మనకు తెలుసు గాని, పటాలం గుమస్తాకు తెలియదు. జ్ఞానస్నాన రిజిస్టరులో ఒక పేరు, ఇంటిలో పిలిచే పేరు ఇంకొకటి, పటాలంలో మూడవది కావచ్చు. అందుకే పేరు ఒక్కటే నమ్ముకోకండి. తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ, అన్నిటికంటే ముఖ్యంగా సైనిక నంబరు కలిస్తేనే ఆ మనిషి అని తేల్చండి.

4. వెతకవలసిన చోట్లు

మొదట రాతి మీద ఉన్నదానిని ఉన్నట్టుగా నోటు పుస్తకంలో ఎక్కించండి. తప్పు అనిపించిన అక్షరాన్ని కూడా దిద్దకండి. ఆ తప్పే రికార్డులోనూ ఉండవచ్చు.

తరువాత పాఠశాల ప్రవేశ రిజిస్టరు చూడండి. అందులో తండ్రి పేరు, పుట్టినతేదీ, ఊరు ఉంటాయి. క్రైస్తవుడైతే విచారణ గురువుల అనుమతితో జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లు చూడవచ్చు.

మూడవది ఇల్లు. పాత ట్రంకుపెట్టెలో పింఛను కాగితం, పతకం ఉంటాయేమో మెల్లగా అడగండి. మొదటి యుద్ధం నాటి పతకాల అంచు మీద నంబరు, పేరు సన్నని అక్షరాలతో ఉంటాయి. చూసి అక్కడే తిరిగి ఇచ్చేయండి. ఆ ఇంటివారికి కొడుకు తరఫున మిగిలింది అదొక్కటే కావచ్చు.

నాలుగవది జాబితాలు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల పేర్లు కామన్వెల్త్ సంస్థ జాబితాలో ఉచితంగా చూడవచ్చు. అయితే 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుండి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవారే అందులో ఉంటారు. బర్మా, మలయా వైపు వెళ్ళి సమాధి తెలియనివారి పేర్లను రంగూన్, సింగపూర్ స్మారకాల్లో వెతకండి. స్వాతంత్ర్యం తరువాత అమరులైన సైనికుల పేర్లు 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. వీటి సంఖ్య 25 వేలకు పైమాటే. కుటుంబ వివరాలకు సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగాలి.

మన అడవి ప్రాంతంలో మరొక సంగతి మరువకూడదు. ఇక్కడ ప్రాణాలు కోల్పోయినవారిలో పోలీసులు, కేంద్ర రిజర్వు పోలీసు దళంవారు ఎక్కువ. 2010 ఏప్రిల్ 6న భద్రాచలానికి ఎగువన, అప్పటి దంతెవాడ జిల్లాలో ఒక్కరోజే 76 మంది చనిపోయారు. ఇటువంటివారి కోసం ఢిల్లీలోనే జాతీయ పోలీసు స్మారకం వేరుగా ఉన్నది. 2018 అక్టోబరు 21న దానిని ప్రారంభించారు. సైనికుల జాబితాలో దొరకలేదని పోలీసు పేరును అబద్ధమనుకోకండి. ఆ అడవిలో ఆయుధం పట్టని గ్రామస్తులు కూడా చనిపోయారు. ఏ జాబితాలో ఉన్నా లేకున్నా వారిని కూడా ఊరు గుర్తుపెట్టుకోవాలి.

5. దొరికిన తరువాత

ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ కేటాయించండి. పేరు, తల్లిదండ్రులు, ఊరు, చదివిన తరగతి, చేరిన దళం, చనిపోయిన చోటు, తేదీ రాయండి. ప్రతి వివరం పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి. ఆధారం లేనిచోట ఖాళీ వదలండి, ఊహతో నింపకండి. రాతి మీద తప్పు ఉన్నదని రుజువైతే, కుటుంబం సమ్మతితో ప్రధానోపాధ్యాయులు, పంచాయతీవారు కలసి దిద్దించాలి. అక్షరం తేడా వల్ల పింఛను, ధ్రువపత్రాల విషయంలో తిరుగుతున్న కుటుంబాలకు మీ పేజీ ఉపయోగపడవచ్చు.

యుద్ధ శ్మశానాల్లోని స్మరణ శిలలపై చెక్కే వాక్యాన్ని రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ ఎంపిక చేశాడు. ఆయన కొడుకు 1915లో లూస్ యుద్ధంలో చనిపోయాడు. ఆ వాక్యం మన బైబులులోని 'సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము' 44వ అధ్యాయం 14వ వచనం నుండి తీసుకున్నది. అది పేరు నిలవడం గురించి చెబుతుంది. అదే అధ్యాయంలో, కొంచెం పైన, గుర్తు కూడా మిగలకుండా పోయినవారి ప్రస్తావన ఉన్నది. రెండూ కలిపి చదవండి. నవంబరులో సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగించే మనకు ఈ మాటలు కొత్త కాదు.

చర్చించుకోవడానికి

1. మీ పాఠశాల శిలపై ఎన్ని పేర్లున్నాయి? వారిలో ఎంతమంది ఇళ్ళు మీకు తెలుసు?

2. శిలపై లేకుండా మీ ఊరి పెద్దలు చెప్పుకొనే పేర్లు ఏవైనా ఉన్నాయా? వాటికి ఆధారం ఎక్కడ దొరకవచ్చు?

3. ఆ సంవత్సరాల్లో మీ ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేది?

ఈ ఆదివారం పూజ తరువాత ఊరిలో అందరికంటే పెద్దవారి దగ్గరకు ఇద్దరు పిల్లలను, ఒక నోటు పుస్తకాన్ని పంపండి. కాగితాలు మరో ఏడాది ఆగుతాయి, ముసలివారు ఆగకపోవచ్చు.