గొడ్లచావిడి దీపం – కరెంటు లెక్క



కోడూరు, అవనిగడ్డ వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాల లెక్కలతోపాటు ఇంటి ఖర్చుల మాట కూడా వస్తూ ఉంటుంది. "బిల్లు ఎక్కువ వస్తోందని రాత్రిళ్ళు చావిడిలో లైటు తీసేస్తున్నామండీ" అని పలువురు మాతో అన్నారు. పొదుపు మంచిదే. కాని ఈ పొదుపు తప్పుదారిలో సాగుతున్నది. తగ్గించవలసినది వెలుతురును కాదు, వాట్లను. ఈ నెల పాఠం ఇదే.

1. చావిడికి వెలుతురు ఎందుకు?

తవుడు, దాణా ఉన్నచోట ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. కట్లపాము, రక్తపింజరి రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయి. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయో, ఆ ఆగస్టులో మోపిదేవిలో సర్పశాంతి యాగం ఎందుకు జరిగిందో మీకు తెలిసిందే. దీపానికి పాము పారిపోదు. కాని తెల్లవారుజామున పాలు తీయబోయే మనిషికి కాలు పెట్టేచోటు కనిపిస్తుంది. పొదుగువాపు తొలిదశలో పాలలో పడే చిన్న చిన్న తరకలు కూడా వెలుతురుంటేనే కంటపడతాయి.

2. యూనిట్ల లెక్క

వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. గుండు బల్బులో తీగ కాలితేనే వెలుతురు వస్తుంది. అందువల్ల తీసుకున్న కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే పోతుంది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుతురుకు తగ్గకుండా 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తుంది.

రాత్రి 12 గంటల చొప్పున నెలకు లెక్క కట్టండి.

గుండు బల్బు: 60 × 12 × 30 ÷ 1000 = 21.6 యూనిట్లు.
ఎల్‌ఈడీ బల్బు: 9 × 12 × 30 ÷ 1000 = 3.24 యూనిట్లు.

ఇప్పుడు గుండు బల్బును రోజుకు రెండు గంటలే వెలిగించి ఆర్పేశారనుకుందాం. అప్పుడూ నెలకు 3.6 యూనిట్లు అవుతుంది. అంటే రాత్రంతా వెలిగిన ఎల్‌ఈడీ కంటే రెండు గంటల గుండు బల్బుకే ఖర్చు ఎక్కువ! చావిడి చీకటి చేసి మిగుల్చుకున్నది ఏమీ లేదన్నమాట.

ఇంకొక సంగతి. ఇంటి కరెంటుకు వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబు యూనిట్లకు ధర ఎక్కువ. మనం తగ్గించే యూనిట్లు ఆ పై మెట్టులోనివే. కాబట్టి యూనిట్ల కంటే రూపాయలలో లాభం ఇంకా బాగా కనిపిస్తుంది.

3. "జీరో" బల్బు సున్నా కాదు

దేవుడి పటం దగ్గర, పడకగదిలో వెలిగే పాత జీరో బల్బుకు ఖర్చే లేదని చాలామంది నమ్మకం. అది 12 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ కంటే ఎక్కువ! దాని బదులు అర వాటు ఎల్‌ఈడీ చిన్న బల్బులు దొరుకుతున్నాయి. పాత ట్యూబులైటు మీద 40 వాట్లని ఉన్నా, చోకు మరో పది, పదిహేను వాట్లు తింటుంది.

4. ముందు ఏది మార్చాలి?

అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. ఎక్కువ గంటలు వెలిగేదాన్ని ముందు మార్చండి: చావిడి, వాకిలి, వంటిల్లు. సామాను గదిలో పది నిమిషాలు వెలిగే బల్బును అది పోయినప్పుడు మార్చుకోవచ్చు.

2015 జనవరిలో ఉజాలా పథకం, 2021లో గ్రామ ఉజాలా వచ్చాయి. గ్రామ ఉజాలాలో పాత గుండు బల్బు తెచ్చి ఇచ్చినవారికి 10 రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. మొదట చేపట్టిన ప్రాంతాలలో విజయవాడ ఒకటి. అలా వచ్చిన బల్బులు కొన్ని ఇళ్ళలో ముందుగదిలోనే ఉండిపోయాయి, చావిడిలో మాత్రం గుండు బల్బే వేలాడుతున్నది. ముందు ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

5. కొనేటప్పుడు, బిగించేటప్పుడు

డబ్బా మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, గ్యారంటీ చూడండి. వాట్లతోపాటు ల్యూమెన్లు కూడా చూడండి, వెలుతురుకు కొలత అదే. బిల్లు జాగ్రత్త పెట్టుకోండి.

చావిడికి పసుపు ఛాయ బల్బు మేలు. తెల్లని కాంతికి వరి పొలాల పురుగు ఎక్కువగా ముసురుతుంది.

హంసలదీవి, పాలకాయతిప్ప వైపు ఉప్పుగాలికి హోల్డరు పిన్నులు చిలుము పడతాయి. కొత్త బల్బు మిణుకుమిణుకుమంటే ముందు హోల్డరు మార్పించండి. తడి చేతులతో ముట్టవద్దు. మెయిన్ ఆపిన తరువాతే పని చేయండి. బల్బును, వైరును గేదె కొమ్ముకు, తోకకు అందనంత ఎత్తులో కట్టించండి.

సీఎఫ్ఎల్ బల్బులో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలిన పెంకులు గడ్డిలోను, కుడితి తొట్టిలోను పడకుండా చూడండి.

ఈ నెల బిల్లు వచ్చినప్పుడు పిల్లల చేత ఇంట్లో బల్బులన్నీ లెక్క పెట్టించండి. ఏ బల్బు ఎన్ని వాట్లో, ఎన్ని గంటలు వెలుగుతుందో ఒక కాగితం మీద వ్రాయించండి. వాట్లను గంటలతో హెచ్చించి, అందులో పెద్ద అంకె వచ్చిన బల్బును ముందు మార్చండి. వచ్చే నెల బిల్లుతో పోల్చి చూసి, ఫలితాన్ని మీ సంఘ సమావేశంలో తోటి సభ్యులకు తెలియజేయవలసినదిగా కోరుతున్నాము.