మడమ నొప్పికి విశ్రాంతియే ఔషధమా?

వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం ఉదయం టెన్నిస్ రాకెట్టు చేతబట్టే నలభై ఏళ్ళవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరికి ఒకనాడు మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి మడమకు కాస్త పైన, వెనుకవైపున, కలుక్కుమంటుంది. పది నిమిషాలు నడిస్తే తగ్గుతుంది. ఆటలో ఒళ్ళు వేడెక్కగానే మాయమవుతుంది. మరునాటి ఉదయం రెట్టింపై తిరిగివస్తుంది. ఈ దాగుడుమూతలే ఈ వ్యాధికి ప్రధాన లక్షణం.

నొప్పి పుట్టేది పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే స్నాయుబంధనంలో. దేహంలో ఇంతకంటె దళసరి స్నాయుబంధనం మరొకటి లేదు. పరుగెత్తేటప్పుడు దానిపై శరీర బరువుకు ఎన్నో రెట్లు లాగుడు పడుతుంది. దీనికి గ్రీకు వీరుడు అకిలీస్ పేరు పెట్టారు. తల్లి అతనిని మడమ పట్టుకుని స్టిక్స్ నదిలో ముంచినందువలన దేహమంతా అభేద్యమై, ఆ మడమ మాత్రం మిగిలిపోయిందట. బోయవాని బాణం శ్రీకృష్ణునికి పాదంలోనే తగిలిందన్న సంగతి మనవారికి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

నొప్పి అనగానే మనకు తోచేది విశ్రాంతి. ఆరు వారాలు ఆట మానితే నొప్పి పోతుంది. మళ్ళీ ఆడిన శనివారమే తిరిగివస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగాక ఆటను, క్రమంగా నడకను కూడా మానుకున్నవారున్నారు. మధుమేహం ఇంటింటా ఉన్న మనవారికి ఇది చిన్న నష్టం కాదు. పైగా మధుమేహం ఉన్నవారిలో స్నాయుబంధనాల వ్యాధులు కూడా ఎక్కువే.

విశ్రాంతి ఎందుకు చాలదు? దీర్ఘకాలంగా నొప్పి ఉన్న స్నాయుబంధనాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, జడలా ఒద్దికగా ఉండవలసిన కొల్లాజెన్ పోగులు చెదరి కనిపిస్తాయి. ఆ కణజాలం బలహీనపడింది. పనిలేకుండా ఉంచితే మరింత బలహీనపడుతుంది. దాని పునర్నిర్మాణం ఎంత మందకొడిదో 2013లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు తెలిపారు. 1955-63 మధ్య జరిగిన అణుపరీక్షల వలన గాలిలో పెరిగిన కార్బన్-14 జాడను బట్టి లెక్కించగా, ఈ స్నాయుబంధనపు నడిభాగం సుమారు 17 ఏళ్ళ వయసు వరకు ఏర్పడి, ఆ తరువాత దాదాపు మారదని తేలింది. అంటే నలభయ్యో ఏట మనం పరుగెత్తేది పదిహేడేళ్ళనాటి తాడుతోనే! దానిని ఎటూ మార్చలేము కనుక, మోయగల శక్తిని పెంచాలి. అందుకు తగుమాత్రం బరువు కావాలి.

ఈ మార్గాన్ని ప్రసిద్ధం చేసినవారు స్వీడన్‌లోని ఊమియోకు చెందిన శస్త్రవైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్. ఆయనకే ఈ నొప్పి వచ్చింది. శస్త్రచికిత్స చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. తెగితే ఎలాగూ ఆపరేషను చేయక తప్పదుగదా అని, ఆయన కావాలనే మడమను కఠినంగా శ్రమపెట్టారట. తెగలేదు సరిగదా, నొప్పి తగ్గింది! తరువాత 15 మంది పరుగరులకు 12 వారాలు ఇదే వ్యాయామం చేయించి, అందరూ మునుపటి పరుగుకు చేరుకున్నారని 1998లో ప్రకటించారు. అలవాటైన చికిత్సలే పొందిన మరో 15 మందికి చివరకు శస్త్రచికిత్స జరిగింది. తరువాతి పరిశోధనలలో ఫలితాలు ఇంత సంపూర్ణంగా లేకపోయినా, మార్గం మాత్రం నిలిచింది.

విధానం సులభమే. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, గోడనో కమ్మీనో పట్టుకోవాలి. మంచి కాలి బలంతో పైకి లేవాలి. బరువంతా నొప్పి కాలిపైకి మార్చి, మడమను మెట్టుకంటె కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు వరుసలు, కాస్త వంచి మరి మూడు వరుసలు, రోజుకు రెండు పూటలు. మొత్తం 180. అలవాటయ్యాక వీపున పుస్తకాల సంచి తగిలించుకుని బరువు పెంచుతారు. ఇంత తీరిక లేనివారు వారానికి మూడుసార్లు వ్యాయామశాలలో హెచ్చు బరువులతో, మెల్లగా చేసినా ఫలితం సమానమేనని 2015లో మరొక డెన్మార్కు పరిశోధన తెలిపింది.

ఇక్కడే ఫిజియోథెరపిస్టు అవసరం. మర్దనలు, విద్యుత్ యంత్రాల కంటె ఆయన ఇచ్చే విలువైన సాయం మోతాదు నిర్ణయమేనని నా అభిప్రాయం. వ్యాయామంలో కొంత నొప్పి ఉండవచ్చు. పదింట అయిదు మించరాదు, మరునాటి ఉదయానికి అణగాలి. అణగకపోతే మోతాదు తగ్గించాలి. నొప్పి సరిగ్గా మడమ ఎముక మీదనే ఉన్నవారు మడమను నేలమట్టం కంటె కిందికి దించరాదు. మూడు వారాలకే గుణం లేదని మానివేసేవారే ఎక్కువ. కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి.

అయితే ఆటలో వెనుకనుంచి ఎవరో తన్నినట్లయి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, అది వేరే సంగతి. బోర్లా పడుకోబెట్టి, పాదాన్ని మంచం అంచున వేలాడనిచ్చి పిక్కను నొక్కాలి. పాదం కదలకపోతే స్నాయుబంధనం తెగినట్లే. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి, వ్యాయామం పనికిరాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకునే మందులలో సిప్రోఫ్లాక్సాసిన్ తరచు ఉంటుంది. ఆ జాతి మందుల వలన స్నాయుబంధనాలు తెగవచ్చునని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2008లో తీవ్ర హెచ్చరిక చేర్పించింది. అరవై దాటినవారికి, స్టీరాయిడ్లు వాడేవారికి ప్రమాదం మరింత. ఆ మాత్ర వేసుకునే రోజులలో మడమ నొప్పి మొదలైతే వెంటనే మందు ఆపి వైద్యునికి తెలపాలి.